వేసవిలో ఉన్నిబట్టలు

కర్నూలు జిల్లా పత్తికొండలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరడం, ఒక్కొక్కనాడు దానిని దాటడం కొత్త కాదు. జూన్ వచ్చి పడమటి గాలి తిరిగితే కొంత ఊరట కలుగుతుంది గాని, ఆ గాలి కూడ చలిగాలి కాదు. అటువంటి ఊరినుండి జూన్‌లోనో జులైలోనో అమెరికా పడమటి తీరాన ఉన్న సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి బయలుదేరే పెద్దలు ఈనాడు రాయలసీమలో పలువురు ఉన్నారు. కొడుకో కూతురో ఫ్రీమాంట్‌లోనో, సన్నీవేల్‌లోనో ఉద్యోగం చేస్తుంటారు. “ఉన్నిబట్టలు పెట్టుకో నాయనా” అని వారు ఫోనులో చెబితే, “ఎండకాలంలో స్వెట్టరేందిరా!” అని ఇక్కడివారు నవ్వుకోవడం సహజమే. విమానంలో తీసుకొని పోదగిన బరువుకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దులో ఊరగాయకు, పొడులకు చోటివ్వాలా, బరువైన కోటుకు చోటివ్వాలా అంటే ఏ తల్లి అయినా ఊరగాయ వైపే మొగ్గుతుంది. కాని ఆ కోటు లేని లోటు అరవై, డెబ్బై ఏండ్ల శరీరానికి గట్టిగానే తెలుస్తుంది.

జులై నెలలో సాన్‌ఫ్రాన్సిస్కో నగరపు సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 19, 20 డిగ్రీల మధ్య ఉంటుంది. రాత్రి 12, 13 డిగ్రీలకు దిగుతుంది. సముద్రపు ఒడ్డున మధ్యాహ్నం మూడు గంటలకు కూడ 14, 15 డిగ్రీలే ఉండే రోజులు ఎన్నో. పైగా గంటకు 20, 30 కిలోమీటర్ల వేగంతో పడమటి గాలి. ఇంతవరకు ఆశ్చర్యం లేదు, అది చల్లని ఊరు అనుకోవచ్చును. ఆశ్చర్యమంతా ఆ ఊరికి తూర్పుగా ఉన్నది. సుమారు అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరంలో లివర్మోర్ అనే ఊరున్నది. అక్కడి శివవిష్ణు దేవాలయం తెలుగువారందరికీ పరిచితమైనది. జులై మధ్యాహ్నం ఆ ఊరిలో 32 డిగ్రీలు మామూలు, 38 డిగ్రీలు అరుదు కాదు. ఉదయం దేవుని దర్శనం చేసుకొని నూలుచొక్కాతో బయలుదేరినవారు, గంటన్నర ప్రయాణం తరువాత గోల్డెన్ గేట్ వంతెన దగ్గర కారు దిగగానే పళ్ళు కొట్టుకొనే చలిలో నిలబడతారు. పత్తికొండనుండి అంత దూరం ఏ దిక్కుకు పోయినా ఒకే పగటిలో ఇరవై డిగ్రీల తేడా దొరకదు.

సముద్రతీరాన వేసవి వేడిమి, చలికాలపు చలి రెండూ తగ్గి ఉంటాయని పాఠ్యపుస్తకాలలో చదువుతాము. అది నిజమే. అయితే ఆ సూత్రం ఒక్కటే ఇక్కడ చాలదు. గ్రీసు దేశంలోని ఏథెన్సు నగరం కూడ సముద్రతీరాననే, దాదాపు అదే అక్షాంశంమీద, అనగా 38 డిగ్రీల ఉత్తరాన, ఉన్నది. జులైలో అక్కడ సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 33 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. సూర్యుడు ఇద్దరికీ సమానమే. తేడా సముద్రంలో ఉన్నది.

అడుగునుండి వచ్చే నీరు

వేసవిలో ఉత్తర పసిఫిక్ సముద్రంమీద ఒక విశాలమైన అధికపీడన ప్రాంతం నిలిచి ఉంటుంది. దాని తూర్పు అంచున గాలి కాలిఫోర్నియా తీరం వెంబడి వాయవ్యంనుండి ఆగ్నేయానికి వీస్తుంది. గాలి ఎటు వీస్తే పైనీరు అటే పోతుందని ఎవరైనా అనుకుంటారు. 1893–96 సంవత్సరాలలో ‘ఫ్రామ్’ అనే ఓడను ఉత్తర ధ్రువ సముద్రపు మంచులో ఇరికించి, మంచుతో పాటు దానిని కొట్టుకొని పోనిచ్చిన నార్వే శాస్త్రజ్ఞుడు నాన్సెన్ ఇది నిజం కాదని గమనించాడు. మంచు గాలి దిక్కునకు పోక, కొంచెం కుడివైపుకు తిరిగి పోతున్నది. దీనికి స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎక్‌మన్ 1905లో గణితంతో కారణం చూపించాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందున ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు కుడివైపుకు మళ్ళుతుంది. ఉపరితలాననున్న కొన్ని పదుల మీటర్ల నీటిపొరను మొత్తంగా చూస్తే, అది గాలికి లంబంగా కుడివైపుకు సాగుతుంది.

ఇప్పుడు పటం ముందు పెట్టుకొని, వాయవ్యగాలికి వీపు ఆనించి కాలిఫోర్నియా తీరాన నిలబడినట్లు ఊహించుకోవలె. ఎడమ చేతివైపు భూమి, కుడి చేతివైపు సముద్రం. కనుక పైనీరు తీరాన్ని విడిచి సముద్రం లోనికి తరలిపోతుంది. ఖాళీ అయిన చోటుకు అడుగునుండి, ఒకటి రెండు వందల మీటర్ల లోతునుండి, సూర్యరశ్మి ఎరుగని చల్లని నీరు పైకి వస్తుంది. దీనిని ఊర్ధ్వప్రవాహం అనవచ్చును. అందుచేతనే నడివేసవిలో కూడ సాన్‌ఫ్రాన్సిస్కో ఒడ్డున సముద్రపు నీరు 11 మొదలు 14 డిగ్రీలలోపే ఉంటుంది. విశాఖపట్నంలో జూన్ నెల సముద్రంలో దిగితే 28 డిగ్రీలు, కాస్త అటూ ఇటూ.

విశాఖకు ఈ ఊర్ధ్వప్రవాహం బొత్తిగా తెలియనిది కాదు. అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు ఇ. సి. లాఫాండ్ 1952–53లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఆచార్యుడుగా వచ్చి, అక్కడి విద్యార్థులతో కలిసి తీరపు నీటిని కొలిచాడు. ఆయన కాలిఫోర్నియా తీరం ఎరిగినవాడు. మన తూర్పుతీరం నైరుతినుండి ఈశాన్యానికి సాగుతుంది. వేసవి ఆరంభంలో నైరుతిగాలి తీరం వెంబడి వీస్తుంది. దానికి కుడివైపున బంగాళాఖాతం ఉన్నది. కాబట్టి ఇక్కడ కూడ అడుగునీరు పైకి రావలె. వస్తున్నదని కొలతలు చూపించాయి. 1954లో పరిషత్తు ప్రచురించిన సముద్రశాస్త్ర సంపుటంలో ఈ పరిశోధన ఉన్నది. అయితే మన దగ్గర ఆ బలం కొద్దికాలమే, చలువ కూడ స్వల్పమే. కాలిఫోర్నియాలో అది నెలల తరబడి సాగుతుంది.

పొగమంచు పుట్టుక

కర్నూలు ప్రాంతంలో మార్గశిర పుష్య మాసాలలో తెల్లవారుజామున పడే మంచు అందరూ ఎరిగినదే. రాత్రి భూమి తన వేడిని ఆకాశానికి విడిచి చల్లబడగా, దానిని ఆనుకొన్న గాలి చల్లబడి మంచు కట్టడం ఇందులోని పద్ధతి. గాలి లేని రాత్రి అది చిక్కగా పడుతుంది. ఎండ ఎక్కగానే విడిపోతుంది. సాన్‌ఫ్రాన్సిస్కో వేసవి పొగమంచు ఈ జాతిది కాదు. అది కదిలివచ్చే మంచు. సముద్రంమీద ఎంతో దూరంనుండి వచ్చిన తేమగాలి, తీరం దగ్గరి చల్లని నీటిమీదికి వచ్చి, అక్కడ చల్లబడి, చినుకులై, గాలితో పాటే ఊరిమీదికి నడిచివస్తుంది. గాలి వీస్తుండగా మంచు పట్టి ఉండడం ఇక్కడివారికి వింతగా తోచడానికి కారణం ఇదే.

20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద ఒక ఘనమీటరు గాలి అధికపక్షం సుమారు 17 గ్రాముల నీటియావిరిని భరించగలదు. 12 డిగ్రీల వద్ద 11 గ్రాములు కూడ భరించలేదు. మిగిలినది చినుకులుగా బయటపడవలసిందే. ఆ చినుకులు ఎంత చిన్నవంటే, వంద చినుకులను వరుసగా పేర్చితే ఒకటి రెండు మిల్లీమీటర్లు అవుతాయి.

ఉపాధ్యాయులు తరగతిలో అడుగదగిన ప్రశ్న ఒకటి ఇక్కడ ఉన్నది. మే నెల మధ్యాహ్నం పత్తికొండలో గాలి 40 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత నూటికి 25 అనుకుందాము. సాన్‌ఫ్రాన్సిస్కోలో 12 డిగ్రీలు, పొగమంచు, ఆర్ద్రత నూటికి నూరు. ఏ గాలిలో నీరు ఎక్కువ? విద్యార్థులందరూ రెండవదే అంటారు. లెక్క వేస్తే 40 డిగ్రీల గాలి భరించగలిగినది ఘనమీటరుకు సుమారు 51 గ్రాములు. అందులో నాల్గవవంతు దాదాపు 13 గ్రాములు. పొగమంచులో ఆవిరి, చినుకులు రెండూ కలిపినా 11 గ్రాములకు అటూ ఇటూనే. పెదవులు పగిలే పత్తికొండ గాలిలో నీరే ఎక్కువ! బట్టలు ఆరడం, ఆరకపోవడం గాలిలో నీరు ఎంత ఉన్నదన్న దానిమీద కాక, ఇంకెంత పట్టగలదన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. పత్తికొండలో ఆరేసిన పంచె అరగంటలో ఫెళఫెళలాడుతుంది. అక్కడ పొగమంచులో తడిసిన చొక్కా ఒంటిమీద అలాగే ఉంటుంది.

ఈ చల్లని గాలిపొర మందం సాధారణంగా మూడు వందలనుండి ఆరు వందల మీటర్లు. దానిపైన, అధికపీడన ప్రాంతంలో కిందికి దిగుతూ నొక్కుకొని వేడెక్కిన పొడిగాలి మూతవలె కూర్చుని ఉంటుంది. కొండ ఎక్కినకొద్దీ చల్లబడుతుందన్న మన అనుభవం అక్కడ తారుమారవుతుంది. నగరానికి ఉత్తరాన 784 మీటర్ల ఎత్తున్న టామల్పాయిస్ కొండమీద చొక్కా విప్పాలనిపించే వేడి ఉన్నప్పుడే, క్రింద వంతెన మీద నిలువలేని చలి ఉండవచ్చును. పైనుండి చూచేవారికి పాలసముద్రంలో వంతెన స్తంభాల కొనలు మాత్రం కనబడుతుంటాయి. ఆ స్తంభాల ఎత్తు 227 మీటర్లు.

ఇక ఆ మంచును ఊరిలోనికి లాగేది ఏది? తీరం వెంబడి కొండల వరుస ఉన్నది. దాని వెనుక కాలిఫోర్నియా మధ్యలోయ ఉన్నది. వేసవిలో ఆ లోయ కర్నూలువలె కాలిపోతుంది. వేడెక్కిన గాలి తేలికపడి పీడనం తగ్గుతుంది. సముద్రపు గాలిని తనవైపు లాక్కుంటుంది. కొండల వరుసలో సముద్రమట్టానికి తెగిన పెద్ద గండి ఒక్కటే, అదే ఒకటిన్నర కిలోమీటర్ల వెడల్పు గల గోల్డెన్ గేట్ జలసంధి. సన్నని సందులో గాలి జోరుగా వీచడం అందరికీ తెలుసు. వాయవ్య భారతం ఎండకు కాగి నైరుతి ఋతుపవనాన్ని లాక్కొనడం కూడ స్థూలంగా ఈ సూత్రంమీదనే. కాని ఋతుపవనం వెచ్చని సముద్రంమీదినుండి వస్తుంది. పైకి లేచి వాన కురుస్తుంది. సాన్‌ఫ్రాన్సిస్కో గాలి చల్లనిది, బరువైనది, పైన మూత కూడ ఉన్నది, లేవలేదు. అందుచేత జూన్ మొదలు ఆగస్టు వరకు అక్కడ వాన దాదాపు లేనట్లే. వేసవి ప్రయాణానికి గొడుగు మోసుకొని పోవడం వృథా.

ఈ గండిని మంచు ఎంతగా దాచిందంటే, మనీలానుండి వచ్చే స్పెయిను ఓడలు రెండు వందల యేండ్లకు పైగా ఆ తీరం వెంబడి పోతూ కూడ లోపల అంత గొప్ప అఖాతం ఉన్నదని కనుగొనలేదు. 1769లో కాలినడకన వచ్చిన పోర్టొలా బృందం దానిని కొండమీదినుండి చూచింది. సముద్రద్వారంగుండా లోనికి వచ్చిన మొదటి ఓడ ‘సాన్ కార్లోస్’. నావికుడు అయాలా దానిని 1775 ఆగస్టు 5న లోనికి నడిపించాడు. 1937లో ప్రారంభమైన వంతెనకు నారింజ కలిసిన ఎరుపు రంగు వేయడంలో మంచులో కూడ అది కంటికి ఆనుతుందన్న ఆలోచన ఒకటి. మంచు దిగినప్పుడు ఓడలకోసం దానిమీద బూరలు మ్రోగుతుంటాయి.

ఒంటి వేడి లెక్క

కదలక కూర్చున్న మనిషి శరీరం సుమారు నూరు వాట్ల విద్యుద్దీపమంత ఉష్ణాన్ని ఎల్లప్పుడూ విడుస్తుంటుంది. ఆ ఉష్ణం పుట్టినంతా బయటికి పోవలె, అంతకు మించి పోరాదు. పత్తికొండ వేసవిలో మొదటిది కష్టం. చర్మపు ఉష్ణోగ్రత 33 డిగ్రీల ప్రాంతం. గాలి 40 డిగ్రీలైతే వేడి బయటినుండి లోనికే వస్తుంది. చెమట ఆరడం ఒక్కటే దిక్కు. అందుకే వదులైన నూలుపంచె, తలపాగ. ఎండను ఆపుతూ చెమటను పీల్చుకొని ఆరనిచ్చే బట్టలు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పండే పత్తి, అక్కడి మగ్గాలు ఆ పనికి సరిపోయినవే. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేతకారుల సహకార సంఘం పేరు పాత తరం వారందరికీ తెలుసు. ఆ బట్టలో తప్పేమీ లేదు. దానిని వేరే ఊరి పనికి పెట్టడమే తప్పు.

బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి 1941లో గాగి, బర్టన్, బాజెట్ అనే శాస్త్రజ్ఞులు ‘క్లో’ అనే కొలమానాన్ని ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో, గాలి విసురు లేకుండ, ఊరక కూర్చున్న మనిషికి హాయిగా ఉండే దుస్తుల నిరోధం ఒక క్లో. ఆ కాలపు దొరల సూటు అన్నమాట. పొట్టిచేతుల చొక్కా, ప్యాంటు కలిసి సుమారు అర క్లో. నిండుచేతుల స్వెట్టరు మరొక మూడోవంతు. గాలిని చొరనీయని పైకోటు ఇంచుమించు 0.4.

ఇప్పుడు లెక్క చేయవచ్చును. కూర్చున్న మనిషి ఒంటి చదరపు మీటరుకు 58 వాట్ల ఉష్ణం పుడుతుంది. ఊపిరితో, కనబడని చెమటతో నాల్గవవంతు పోగా బట్టలగుండా పోవలసినది సుమారు 44. గాలి 13 డిగ్రీలైతే చర్మానికి గాలికి తేడా 20 డిగ్రీలు. ఒక క్లో అంటే 0.155 ప్రమాణం, కనుక 20ని 44 తోను, 0.155 తోను భాగిస్తే కావలసిన మొత్తం నిరోధం దాదాపు 2.9 క్లో. ఇందులో ఒంటిని అంటుకొని ఉండే నిశ్చలమైన గాలిపొరే 0.8 ఇస్తుంది. గాలి వీచిందా, ఆ పొర చెదరి 0.3 కు పడిపోతుంది. అంటే వంతెన మీద ఊరక నిలబడి చూచేవానికి రెండున్నర క్లో బట్టలు కావలె. నడిచేవాని లెక్క వేరు. మెల్లగా నడిచినా ఉష్ణోత్పత్తి రెట్టింపవుతుంది, అతనికి 1.2 క్లో చాలును. చొక్కా ప్యాంటు, స్వెట్టరు, పైకోటు కలిపితే సరిగా అంతే వస్తుంది. కొండదారులలో ఎక్కేటప్పుడు అది కూడ ఎక్కువై చెమట పడుతుంది.

ఒకే బరువైన కోటు కన్న పలుచని మూడు బట్టలు మేలనడానికి ఇదే కారణం. ఎక్కేటప్పుడు ఒకటి విప్పవచ్చును, నిలబడినప్పుడు తొడుగవచ్చును. శాన్‌హోజేలో రెండు విప్పి కారులో పెట్టవచ్చును. పైగా బట్టకు బట్టకు మధ్య నిలిచే గాలి కూడ ఒక పొరే. వెచ్చదనమిచ్చేది అసలు ఉన్ని కాదు, దూది కాదు. వాటిలో చిక్కుకొని కదలలేని గాలి.

చలిగాలి ఎంత బాధిస్తుందో తెలుపడానికి వార్తలలో ‘గాలిచలి’ డిగ్రీలు చెబుతుంటారు. 1941లో అంటార్కిటికాలో సైపిల్, పాసెల్ అనేవారు ఒక ప్లాస్టిక్ పాత్రలో నీరు గడ్డకట్టే వేగాన్ని కొలిచి ఈ పద్ధతికి పునాది వేశారు. 2001లో దానిని సవరించారు. అయితే ఆ సూత్రం 10 డిగ్రీలకు లోపలనే పనిచేస్తుంది; సాన్‌ఫ్రాన్సిస్కో వేసవికి దానిని వాడడం సరి కాదు.

తడిసిన నూలు, తడిసిన ఉన్ని

నిశ్చలమైన గాలి కన్న నీరు దాదాపు ఇరవైనాలుగు రెట్లు వేగంగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది. నూలుబట్ట తడిస్తే దారాలు మెత్తబడి, గాలి ఉండవలసిన చోటనంతా నీరు నిండి, ఒంటికి అతుక్కుంటుంది. అంతటితో పోదు. ఆ నీరు ఆరవలె. ఆరడానికి ఉష్ణం కావలె. చొక్కాలో నూరు గ్రాముల తేమ ఉన్నదనుకుంటే, అది ఆరడానికి సుమారు 245 కిలోజౌళ్ళు కావలె. నూరు వాట్ల శరీరం నలభై నిముషాలలో పుట్టించే ఉష్ణమంతా ఇదే! పత్తికొండలో వరమైన ఈ గుణం పొగమంచులో శాపమవుతుంది.

ఉన్ని వెంట్రుక నిర్మాణం వేరు. మామూలు తేమగాలిలో నూలు తన బరువులో నూటికి ఎనిమిది వంతుల నీటిని పీల్చుకుంటే, ఉన్ని పదహారు వంతులు పీల్చుకుంటుంది. ముప్పది వంతుల వరకు పీల్చుకొని కూడ తడిసినట్లు చేతికి తోచదు. పీల్చుకొనేటప్పుడు కొంత ఉష్ణాన్ని విడుస్తుంది కూడ. వెంట్రుకలో వంకర ఉన్నందున తడిసినా అణగిపోక గాలిని పట్టి ఉంచుతుంది.

ఈ సంగతి రాయలసీమకు ఎవరో వచ్చి నేర్పవలసినది కాదు. దక్కను గొర్రెల నల్ల ఉన్నితో కురుబలు నేసే కంబళి, గొంగడి అని కొందరంటారు, ఇక్కడి కాపరులకు తరతరాలుగా వానకు గొడుగు, రాత్రికి పడక, చలికి కోటు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేసిన గట్టి కంబళి మీద వానచినుకు వెంటనే ఇంకదు, జారిపోతుంది. తలమీదుగా మడిచి కప్పుకొంటే వీపు, తల, చెవులు మూడూ కప్పుకొంటాయి. నేటి అంగళ్ళలో పెద్ద ధరకు అమ్మే టోపీకోటు చేసే పని దాదాపు ఇదే. అయితే కంబళి అల్లిక సందులలోనుండి గాలి దూరుతుంది. బరువు కూడ ఎక్కువ. గాలికి అడ్డుగా దాని మీద మరొక దట్టమైన బట్ట కావలె. అందువల్ల లోపల ఉన్ని, పైన గాలిచొరని పలుచని కోటు అన్న క్రమమే మంచిది. ఈ క్రమాన్ని తిరగవేసి కోటుమీద శాలువ కప్పుకొంటే సగం ప్రయోజనం పోతుంది.

పొగమంచులో చాలసేపు తిరిగినవారి కనుబొమల మీద, ఉన్నిటోపీ నూగు మీద ముత్యాలవలె చినుకులు నిలుస్తాయి గాని, నున్నని కోటు అంతగా తడవదు. సూక్ష్మమైన చినుకులు పెద్ద వస్తువును తాకక గాలితోపాటు ప్రక్కలకు తప్పుకొని పోతాయి. సన్నని పోగును మాత్రం తప్పించుకోలేక తగులుతాయి. ఆ తీరాన పెరిగే మహావృక్షాలైన రెడ్‌వుడ్ చెట్లు వానలేని వేసవిని ఇలాగే గడుపుతాయి. సన్నని ఆకులు మంచును పట్టి బొట్లు బొట్లుగా నేలకు రాల్చుతాయి, వేళ్ళు త్రాగుతాయి.

కొన్ని అపోహలు

చలిలో ఒంటివేడి సగం తలగుండానే పోతుందని ఒక మాట వాడుకలో ఉన్నది. ఇది సరి కాదు. ఒళ్ళంతా కప్పి తల మాత్రం విడిచిపెట్టి చేసిన పరీక్షలనుండి పుట్టిన మాట అది. నిజానికి తల ఒంటి వైశాల్యంలో ఎంత భాగమో పోయే వేడి కూడ ఇంచుమించు అంతే, నూటికి పది లోపు. అలాగని టోపీ వద్దని కాదు. చెవులకు, నుదుటికి చలి త్వరగా తెలుస్తుంది. మనుమలు చూచి నవ్వినా సరే, మన రైలుబండ్లలో కనబడే మంకీ టోపీ ఆ వంతెన మీద ఉపయోగపడే వస్తువే.

మంచు తగిలితే జలుబు పడుతుందనేది ఇంకొక మాట. జలుబును కలిగించేది వైరసు, మంచు కాదు. చలిని రోగానికి మూలమనుకోవడం ఎంత దూరం పోయిందో పత్తికొండ చరిత్రలోనే ఒక ఆనవాలున్నది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలోనే కలరాతో మరణించాడు. అప్పటికి కలరా ఎట్లు వ్యాపిస్తుందో ఎవరికీ తెలియదు. పొట్టకు చలి తగలడంవల్ల వస్తుందని నమ్మి, ఆ శతాబ్దంలో ఇంగ్లీషు సైనికులకు నడుమున ఉన్నిపట్టీలు కట్టించారు, మండుటెండలో కూడ! కలుషితమైన నీటివల్ల అది సోకుతుందని లండనులో జాన్ స్నో 1854లో చూపించినా, చాలకాలం వరకు ఆ పట్టీలు పోలేదు.

చలివల్ల హాని లేదనుకోవడం కూడ పొరపాటే. వయసు పైబడినకొద్దీ చర్మపు రక్తనాళాలు ముడుచుకొని వేడిని కాపాడే శక్తి, వణికి వేడి పుట్టించే శక్తి తగ్గుతాయి. చలి వేస్తున్నదని తెలియడమే ఆలస్యమవుతుంది. ఉబ్బసం ఉన్నవారికి చల్లగాలి తగలగానే ఊపిరి బిగుసుకోవచ్చును. ఇటువంటివారు ముక్కు, నోరు కప్పేటట్లు మెడకు ఒక గుడ్డ చుట్టుకొనడం, మందు జేబులో ఉంచుకొనడం అవసరం.

చీర కట్టుకొనేవారి విషయం కొంచెం ఆలోచించదగినది. చీర మంచి బట్ట; పమిట భుజాల చుట్టూ తిప్పుకొంటే ఒక పొర, విడిస్తే లేదు; ఇంత సులభంగా సర్దుకొనే దుస్తు మరొకటి లేదు. కాని క్రిందినుండి వచ్చే గాలికి అది తెరచిన తలుపు. లోపల కాళ్ళకు బిగువైన అల్లికబట్ట తొడిగి, రవికె మీద స్వెట్టరు, ఆపైన మోకాళ్ళ దాకా వచ్చే కోటు వేసుకొంటే సరిపోతుంది. పమిటచెంగు కోటులోపలే ఉండవలె. బయట ఉంటే గాలికి తెరచాపవలె నిలుస్తుంది. పాదాలకు మేజోళ్ళు, మూసిన చెప్పులు. పంచె కట్టేవారికి కూడ ఇదే మాట.

ఈ విషయాన్ని పాఠశాలలో చూపడం సులభం. ఒకే కొలత గల నాలుగు రేకుడబ్బాలు తీసుకొని, సమానంగా వేడినీరు పోసి, ఒక దానికి పొడి నూలుగుడ్డ, రెండవదానికి తడిపి పిండిన నూలుగుడ్డ, మూడవదానికి తడిపి పిండిన కంబళిముక్క, నాల్గవదానికి తడి నూలుగుడ్డ మీద ప్లాస్టిక్ కాగితం చుట్టవలె. నాలుగింటినీ పంకా ముందు పెట్టి, అయిదు నిముషాలకొకసారి ఉష్ణమాపకంతో చూచి వ్రాసుకోవలె. ఏది ముందు చల్లారుతుందో చెప్పమని విద్యార్థులను ముందుగానే అడిగి, ఆ జవాబులు నల్లబల్ల మీద వ్రాసి ఉంచితే ఆసక్తి హెచ్చుతుంది. తరువాత పంకా ఆపి అదే ప్రయోగం మళ్ళీ చేయవలె. వేసవి మధ్యాహ్నం చేసినప్పుడు, వానకాలపు ముసురులో చేసినప్పుడు అంకెలు ఒకటిగా రావు. ఎందుకు రావో పైన చెప్పిన ఆర్ద్రత లెక్కతో వారే తేల్చుకోగలరు.

బట్టలు మోయడం ఇష్టం లేనివారికి ఇంకొక ఉపాయం ఉన్నది, ప్రయాణపు నెల మార్చుకోవడం. శరత్తు వచ్చేసరికి తీరపు గాలి మందగిస్తుంది, అడుగునీరు పైకి రావడం తగ్గుతుంది, లోపలి లోయ కూడ చల్లబడి సముద్రపు గాలిని లాగడం మానుతుంది. అందువల్ల ఆ నగరంలో అన్నిటికన్న వెచ్చని నెల జులై కాదు, సెప్టెంబరు; అక్టోబరు కూడ దానికి దగ్గరగానే ఉంటుంది. అప్పటికి పత్తికొండలో వేరుశనగ పీకే పని మొదలై ఉంటుంది గనుక, సేద్యం ఉన్నవారికి ఆ నెలలలో ఇల్లు కదలడం అంత తేలిక కాదు.